మామిడితోట పక్కన రెండు రింకులు: మా లాన్ బౌల్స్ గ్రీన్ డైరీ

సంక్రాంతి వెళ్ళాక

స్థలం ఖాయమైంది. తిరుపతి నుంచి చంద్రగిరి పోయే దోవలో, మామిడితోటను ఆనుకుని బీడుగా పడివున్న పన్నెండు సెంట్లు. తోట మా క్లబ్బులో అందరికన్నా పెద్దాయనది. వరసలతో పనిలేకుండా ఆయన్ను అందరం మామా అనే పిలుస్తాం. పేరుకు కౌలు రాసుకుని, పదేళ్ళ వరకూ కదిలించేది లేదని మాటిచ్చాడు. గడ్డి పెంచేవాళ్ళకు ఈ మాట చాలా విలువైనది. లాన్ బౌల్స్ అంటే పచ్చిక మీద బౌల్ అనే పెద్ద బంతిని దొర్లించి, జాక్ అనే చిన్న బంతికి దగ్గరగా చేర్చే ఆట. ఆడే పచ్చిక నేల గ్రీన్, అందులో ఒక్కో ఆట సాగే పట్టీ రింకు. గ్రీన్ ఒక సీజన్‌లో పచ్చబడుతుంది గానీ, కుదురుకుని నమ్మకంగా ఆడించేసరికి ఏళ్ళు పడుతుంది.

ఇన్నాళ్ళూ మా ఆటంతా ఒక కల్యాణమంటపంలోనే. మూఢంలో, ఆషాఢంలో, ముహూర్తాలు లేని రోజుల్లో హాలు ఖాళీగా ఉండేది. పొడుగు పట్టా పరిచి దాని మీద బౌల్ దొర్లించేవాళ్ళం. చేయి అలవాటు పడడానికి అది బాగానే పనికొచ్చింది. అసలు దూరం మాత్రం తెలిసొచ్చేది కాదు. నిబంధన ప్రకారం మ్యాట్ (బౌల్ వదిలేవాళ్ళు నిలబడే చిన్న పట్టా) నుంచి జాక్ కనీసం 23 మీటర్ల దూరంలో ఆగాలి, హాల్లో అంత జాగా లేదు. పెళ్ళిళ్ళ సీజన్ మొదలైతే ఆ కాస్తా మూలన పడేది.

మమ్మల్ని ఈ ఆటలోకి లాగింది 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలు. లవ్లీ చౌబే, పింకీ, నయన్‌మొని సైకియా, రూపారాణి టిర్కీ నలుగురూ కలిసి ఆగస్టు 2న దక్షిణాఫ్రికాను 17–10తో ఓడించి మహిళల ఫోర్స్‌లో (జట్టుకు నలుగురు ఆడే పోటీ) బంగారం తెచ్చారు. అంతకుముందు ఈ ఆటలో మన దేశానికి ఒక్క కామన్వెల్త్ పతకం కూడా లేదు. అదే క్రీడల్లో మగవాళ్ళ ఫోర్స్ జట్టుకు వెండి వచ్చింది. లవ్లీ చౌబే జార్ఖండ్ పోలీసు శాఖలో పనిచేస్తూ ఆడింది, అంతకుముందు లాంగ్ జంప్ చేసేది. నయన్‌మొని మొదట బరువులెత్తే క్రీడాకారిణి. ఇట్లాంటి వాళ్ళు గెలిచారంటే మనమూ నేర్చుకోవచ్చని మా పీఈటీ సారు అందరినీ కూడగట్టారు. బ్యాంకులో రిటైరైన ఒకాయన, కొండకు జీపు తోలే తమ్ముడు, మహిళా యూనివర్సిటీ పిల్లలు, గాంధీరోడ్డు వైపు పూలంగడి నడిపే అక్క, ఇంకొందరు. గ్రీన్ బాధ్యత నేను అడిగి తీసుకున్నాను. తర్వాత వచ్చేవాళ్ళకు ఏం చేశామో, ఎందుకు చేశామో తెలియాలని ఇది రాసిపెడుతున్నాను.

కొలతలు ముందు తేల్చుకున్నాం. ఆట సాగే దిశలో గ్రీన్ 31 నుంచి 40 మీటర్ల మధ్య ఉండాలి. రింకు వెడల్పు 4.3 నుంచి 5.8 మీటర్లు. మేము 34 మీటర్ల పొడుగు, ఐదేసి మీటర్ల వెడల్పుతో రెండు రింకులు పెట్టుకున్నాం. మొత్తం 340 చదరపు మీటర్లు, మన లెక్కలో ఎనిమిదిన్నర సెంట్లకు కాస్త తక్కువ. మిగిలింది చుట్టూ కాలవకు, గట్టుకు, నడవడానికి. ఫోర్స్ ఆడితే ఒక రింకు మీద ఎనిమిది మంది, రెండిటి మీదా కలిపి పదహారు మంది ఒకేసారి ఆడొచ్చు. పెద్ద క్లబ్బులకు ఆరేడు రింకులుంటాయి. మాకు ఈ రెంటినీ బాగా చూసుకోగలిగితే చాలు.

దిక్కు విషయంలో పట్టుబట్టాను. పొద్దున, సాయంత్రం తప్ప ఇక్కడ ఎండలో ఆడలేం. ఆ రెండు వేళల్లోనూ సూర్యుడు తూర్పునో పడమరనో కిందికి ఉంటాడు. తూర్పు పడమరలుగా గ్రీన్ వేస్తే ఒక వైపు ఆడేవాళ్ళకు జాక్ కనబడదు. అందుకే ఉత్తర దక్షిణాలు. దక్షిణం వైపు నిలబడి మ్యాట్ మీంచి చూస్తే శేషాచలం కొండ వరస ఎదురుగా ఉంటుంది, కంటికి ఇబ్బంది లేదు.

చిక్కు పడమటి గట్టు దగ్గర వచ్చింది. అక్కడ ముసలి మామిడి చెట్టు ఒకటుంది. దాని నీడ మధ్యాహ్నం మూడు దాటితే సగం రింకు మీద పడుతుంది. మేము నాటబోయే గరిక జాతికి నీడ గిట్టదు. దానికి రోజుకు ఆరేడు గంటల నేరుటెండ కావాల్సిందే. కొమ్మలైనా కొట్టిద్దామా అని అడిగాను. మామ ఒక్క మాటే అన్నాడు: “చెట్టు మీద చెయ్యి వేసేది కుదర్దు నైనా. మా నాయన పెట్టింది. నీ గ్రీనే ఆ పక్కకు జరుపుకో, నేల ఎవురికీ చుట్టం కాదు గదా.” జరిపాం. తూర్పున పశువుల దొడ్డి గోడ దాకా పోయాం. ఇప్పుడు నీడ కాలవ దగ్గరే ఆగిపోతుంది. చెట్టు కింద బెంచీలకూ చోటు దొరికింది.

మాఘం

తవ్వకం. ఎర్రమట్టి పైన పైనే ఉంది, అడుగున గట్టి గరుసు. జేసీబీతో అడుగున్నర తోడించాం. నాలుగంగుళాలు కంకర, దాని మీద ఎనిమిదంగుళాలు ఇసుక పడుతుంది, పైన మిగిలేది గట్టుకీ గ్రీన్‌కీ మధ్య తేడా. అడుగు భాగాన్ని ఒక మూలకు వాలుగా చేసి, చిల్లులు పెట్టిన నాలుగంగుళాల పైపులు పరిచాం. పై ఉపరితలం సమతలంగా ఉండాలి, అడుగు మాత్రం వాలుగా ఉండాలి. అప్పుడే వాన నీళ్ళు పైన పారకుండా నేరుగా కిందికి దిగి పోతాయి.

మట్టం కట్టడం మేస్త్రి అన్న పని. ఆయన లేజర్ యంత్రాలేవీ అడగలేదు. తన పాత నీళ్ళ ట్యూబు తెచ్చాడు. ట్యూబులో గాలి బుడగ ఒక్కటి ఉన్నా మట్టం తప్పుతుందని, నీళ్ళు నింపాక వేళ్ళతో ట్యూబంతా నొక్కుకుంటూ పోయి బుడగలు బయటికి తోలాడు. రెండు మీటర్లకొక మేకు, మేకు తల మీద సున్నం చుక్క, మేకుల మధ్య నైలాన్ దారం. దారం కింద రసమట్టం పెట్టి, పక్కకు వంగి కన్ను మూసి చూసేవాడు. “ఇల్లైతే అరంగుళం తేడా వొచ్చినా ప్లాస్టరింగులో కప్పేస్తా. ఇక్కడ కప్పేదానికి లేదు గదా సార్, గుండు దాస్తుందా?” అన్నాడు. బౌల్‌ను ఆయన మొదటి రోజు నుంచీ గుండు అనే అంటాడు, మేమూ అనడం మొదలుపెట్టాం.

ఆయన మాట అక్షరాలా నిజం. బౌల్ చివరి రెండు మీటర్లలో దాదాపు నడక వేగానికి వస్తుంది. ఆ వేగంలో చిన్న పల్లం దొరికినా దాని దారి మారిపోతుంది. మొత్తం మీద ఆరు మిల్లీమీటర్లకు మించి తేడా ఉండకూడదని మాకు మేమే హద్దు పెట్టుకున్నాం.

శివరాత్రి ముందర

ఇసుక. ఈ పని మీద నేను ఎక్కువ రోజులు పెట్టాను, పెట్టినందుకు సంతోషంగా ఉంది.

340 చదరపు మీటర్లకు ఎనిమిదంగుళాలంటే దాదాపు 69 ఘనపు మీటర్లు. ట్రాక్టరు లెక్కలో 24 యూనిట్లు. కంకర దానికి సగం. ఇంత ఇసుక ఒకసారి పరిచాక మళ్ళీ తీయడమంటే గ్రీన్‌ను పగలగొట్టడమే. అందుకే లోడు దించకముందే పరీక్ష. తెల్ల గాజు సీసాలో సగం ఇసుక, మిగతా సగం నీళ్ళు పోసి, మూత బిగించి బాగా కుదిపి గట్టు మీద పెట్టేవాళ్ళం. ఇసుక క్షణాల్లో అడుగున కూర్చుంటుంది. ఒండ్రు మెల్లగా దాని పైన పొరగా దిగుతుంది. బంకమట్టి నీళ్ళను రేపటిదాకా మబ్బుగానే ఉంచుతుంది. పై పొర దారమంత ఉంటే దించమన్నాం. వేలి మందం ఉంటే వెనక్కి పంపాం. ఒండ్రు ఎక్కువున్న ఇసుక రోలరు కింద గట్టిపడి సిమెంటు నేల అవుతుంది, వేరు దిగదు, నీళ్ళు దిగవు. రాతి పొడి ఇసుక చవకగా వస్తుందని ఒకరన్నారు. దాని రేణువులు కోసుగా ఉండి ఒకదాన్నొకటి బిగించుకుంటాయి, పైగా పొడి ఎక్కువ. వద్దనుకున్నాం. రశీదుతో వచ్చిన ఏటి ఇసుకే వాడాం, లోడు లోడుకూ సీసా పరీక్ష చేశాకే.

జీపు తమ్ముడికి ఈ సీసాలంటే ఇష్టం పుట్టింది. కొండ ట్రిప్పుల మధ్య వచ్చి, సీసాలన్నీ వరసగా పెట్టి, మీద మార్కర్‌తో తేదీ, ట్రాక్టరు నంబరు రాసేవాడు. ఆ సీసాలను షెడ్డులో దాచిపెట్టాం.

పశువుల ఎరువు బాగా మాగింది జల్లెడ పట్టి, పై మూడంగుళాల ఇసుకలో మాత్రమే కలిపాం. అడుగుకు పోనివ్వలేదు. తర్వాత నీళ్ళతో తడపడం, దొర్లించడం, కుంగిన చోట నింపడం, మళ్ళీ తడపడం. ఇసుక దానంతటది కూర్చోవాలంటే నీళ్ళే మంచి రోలరు.

ఉగాది

గరిక నాటే సమయం. పొలంలో కలుపుగా వచ్చే గరికా, ప్రపంచంలో వేడి దేశాల గ్రీన్ల మీద పెంచే గడ్డీ దగ్గరి చుట్టాలే. మామూలు గరికను బాగా పొట్టిగా కోస్తే పలచబడి, కాడలు తేలి, గరుగ్గా తయారవుతుంది. అందుకే సన్నాకు సంకర రకాలు వచ్చాయి. మేము ఎంచుకున్నది టిఫ్‌డ్వార్ఫ్. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ పరిశోధన కేంద్రం నుంచి 1965లో విడుదలైన రకం. ఐదు మిల్లీమీటర్ల ఎత్తుకు, ఇంకా కిందికి కోసినా దట్టంగా నిలబడుతుంది. దీనికి మొలకెత్తే విత్తనం రాదు, కాడలే నాటాలి. బెంగళూరు వైపు ఒక నర్సరీ నుంచి గోనెసంచుల్లో, తడిపిన గుడ్డ చుట్టి రాత్రి బండికి తెప్పించాం.

నాటడానికి పక్క ఊరి ఆడవాళ్ళు వచ్చారు. సంచులు విప్పగానే వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందులో పెద్దామె నన్ను పిలిచి, “ఏం సామీ, గరికను డబ్బులిచ్చి తెప్పించినారా? మేము దినామూ చేన్లో పీకి గట్టు మీద పారేసేది దీన్నే కదా!” అంది. ఆకు చేతికిచ్చి చూపించాను. వేళ్ళ మధ్య నలిపి చూసి, “ఇది మెత్తగుండాది, మాది మొరటు” అని ఒప్పుకుంది. ఆ తర్వాత నాకు చెప్పే పని లేకుండా పోయింది. చెరకు ముచ్చెలు నాటినట్టే, ఒక్కో కాడలో రెండు కణుపులు మట్టిలోకి, ఒక చివర బయటికి, వేలెడు దూరంలో ఇంకోటి. కొడవలి మొనతో గీత గీసి, కాడ పెట్టి, మడమతో అదుముతూ వెనక్కి నడుస్తూ పోయారు. మా క్లబ్బువాళ్ళం నాటిన వరసలూ వాళ్ళ వరసలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎవరు వ్యవసాయం చేసేవాళ్ళో చెప్పక్కర్లేదు. వాళ్ళ వరసల్లో ఒక్క కాడా ఎండలేదు.

నాటిన గంటలోపే నీళ్ళు. మొదటి రెండు వారాలు రోజుకు మూడు సార్లు, కొంచెం కొంచెం. వేరు పట్టాక రోజుకు ఒకసారి లోతుగా. మండే ఎండలో గడ్డికి రోజుకు ఐదు మిల్లీమీటర్లు కావాలనుకుంటే 340 చదరపు మీటర్లకు 1,700 లీటర్లు. మామ బోరు ఆ మాత్రం ఇస్తుంది. కరెంటు వచ్చే వేళలు మాత్రం మన చేతిలో లేవు. అందుకని నీళ్ళ వంతుల పట్టిక రాసి షెడ్డు తలుపుకు అతికించాం.

గంగ జాతర రోజులు

తిరుపతంతా జాతరలో ఉంది. మా వంతులు తప్పలేదు. పూలంగడి అక్కకు ఈ వారమంతా నిద్ర లేదు, పూల బేరం అట్లాంటిది. అయినా తెల్లవారుజామున మార్కెట్టు నుంచి నేరుగా ఇటే వచ్చి, వాల్వు తిప్పి, గడ్డి మీద చెప్పులు లేకుండా నడిచి చూసి పోయింది. క్లబ్బులో చురుగ్గా ఉన్నారంటే వాళ్ళ గుండు జాక్‌కు ఎంత దగ్గర పోయిందని నేను చూడను. వంతు రోజున వాల్వు దగ్గర ఉన్నారా లేదా అని చూస్తాను. అక్క ఇంతవరకూ ఒక్క వంతూ మానలేదు.

ఇప్పుడు అసలు శత్రువు తుంగ. పైన ఆకు లాగితే తెగి చేతికొస్తుంది, కింద గడ్డ అట్లాగే ఉండి నాలుగు రోజుల్లో మళ్ళీ పొడుచుకొస్తుంది. ఒక్కో మొక్క చుట్టూ సన్నని చాకు దింపి, ఇసుక వదులు చేసి, గడ్డతో సహా తీయాలి. గడ్డ నుంచి నల్లటి దారం లాంటి వేరు ఇంకో గడ్డకు పోతుంది, దాన్ని కూడా పట్టుకుపోవాలి. సాయంత్రాలు చెక్క పలక వేసుకుని, బరువు ఒక చోట పడకుండా దాని మీద కూర్చుని తీస్తున్నాం. బ్యాంకు సారు ఈ పనిలో అందరికన్నా ఓపికమంతుడు. ముందు చీమలు కూడా తెగబడ్డాయి, ఇసుక కుప్పలు కుప్పలుగా పైకి తోడేవి. వేపపిండి చల్లాం, పొద్దున్నే వెదురు చీపురుతో కుప్పలు విసురుతున్నాం. తగ్గాయి.

కొండ కింద ఊరు కాబట్టి నెమళ్ళూ వస్తాయి. కొత్త కాడల్ని పొడుస్తున్నాయని మొదట్లో దిగులు పడ్డాను. దగ్గర్నుంచి గమనిస్తే అవి ఏరుతున్నది పురుగుల్ని. పీకిన కాడ ఏదైనా ఉంటే వెంటనే మళ్ళీ గుచ్చుతాం, అంతే.

ఆషాఢం

ఇసుక కనబడటం లేదు. రెండు రింకులూ కప్పుకున్నాయి.

కోత మొదలైంది. గ్రీన్ మీద తిరిగే బ్లేడు మిషన్ పనికిరాదు, అది గడ్డిని కొట్టి చింపుతుంది. సిలిండరు మోవర్ కావాలి. చుట్టూ తిరిగే కత్తులు, కింద కదలని కత్తి, రెండిటి మధ్య గడ్డి కత్తెరలో పడ్డట్టు తెగుతుంది. పాతదొకటి కొని, మన తిరుపతిలోనే లేతు షాపులో కత్తులు గ్రైండింగు చేయించాం. పదును సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి న్యూస్‌పేపరు చీలిక చాలు. సిలిండరును చేత్తో మెల్లగా తిప్పుతూ పేపరు అంచును రెండు కత్తుల మధ్యకు అందించాలి. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా ప్రతి అంగుళంలోనూ నున్నగా తెగాలి. ఎక్కడైనా పేపరు తెగకుండా మడతపడితే ఆ చోట గడ్డీ మడతపడుతుంది. ప్రతి కోతకు ముందు ఇది చేస్తున్నాం.

మొదటి కోత 15 మిల్లీమీటర్లు. తర్వాత వారానికి కొంచెం కొంచెంగా దించుతూ వస్తున్నాం. ఒకేసారి మూడో వంతుకు మించి కోస్తే మొదళ్ళు తేలి గ్రీన్ పాలిపోతుంది. ప్రతిసారీ దిశ మార్చి కోస్తున్నాం, కాడలు ఒక వైపే వాలిపోకుండా. అమ్మోనియం సల్ఫేటు చదరపు మీటరుకు 10 గ్రాములు, మొత్తానికి 3.4 కిలోలు, పొడి ఇసుకలో కలిపి చల్లి వెంటనే నీళ్ళు పెట్టాం. ఆలస్యం చేస్తే ఆకు మాడుతుంది.

ముహూర్తాలు లేవు కాబట్టి కల్యాణమంటపంలో కొత్తవాళ్ళకు పాఠాలు కూడా ఈ నెలలోనే. అందరికీ ఒకటే అనుమానం: గుండులో ఒక పక్క సీసం పోశారా? పోయలేదు. బౌల్ వంపు దాని ఆకారంలో ఉంది. ఒక పక్క కాస్త ఎక్కువ గుండ్రంగా, ఇంకో పక్క కాస్త తక్కువగా చెక్కుతారు. వేగం ఉన్నంతసేపూ నేరుగా పోయినట్టే ఉండి, నెమ్మదించే కొద్దీ ఒక పక్కకు ఒరుగుతూ తిరుగుతుంది. చిన్న వలయం గుర్తు ఉన్న పక్క లోపలి వైపు, వంగేది అటే. ఆ గుర్తు తప్పు పక్కకు పెట్టి విసిరితే బౌల్ పక్క రింకులోకి పోతుంది. బౌల్ బరువు 1.59 కిలోలకు మించదు, జాక్ 63 నుంచి 64 మిల్లీమీటర్ల తెల్ల బంతి. సైజు చేతికి తగినది తీసుకోవాలి. రెండు చేతుల బొటనవేళ్ళూ, నడివేళ్ళూ కలిపి బౌల్ చుట్టూ పట్టుకుంటే కొనలు తగలాలి. అదొక మంచి కొలత.

వినాయక చవితి

చుట్టుపక్కల పిల్లలు గరిక కోసం వచ్చారు. 21 రకాల పత్రిలో గరిక కూడా కావాలి కదా. మన గ్రీన్ మీద చేయి వేయనివ్వకుండా, గట్టు కింద పెరిగిన నాటు గరిక కోసుకోమన్నాం. కాణిపాకం పోయేవాళ్ళు కూడా ఒక కట్ట పట్టుకుపోయారు.

ఈ వారమే కాలవ పూర్తయింది. వెడల్పు 300 మిల్లీమీటర్లు, లోతు 100. నిబంధనలు 200 నుంచి 380 దాకా వెడల్పు, 50 నుంచి 200 దాకా లోతు ఒప్పుకుంటాయి. గట్టు గ్రీన్ మట్టానికి కనీసం 230 పైన ఉండాలి, ఇటుక కట్టి రబ్బరు పట్టీ తొడిగాం. చూడ్డానికి ఇది మురుగు కాలవలా అనిపిస్తుందేమోగానీ ఆటలో దీని పాత్ర పెద్దది. వస్తూ వస్తూ జాక్‌ను తాకిన బౌల్‌కు సుద్దతో గుర్తు పెడతారు, అది ఆ తర్వాత కాలవలో పడినా బతికే ఉంటుంది. జాక్ కాలవలోకి పోయినా, రింకు హద్దుల్లోనే ఉంటే, ఆట దాని చుట్టూనే సాగుతుంది. గుర్తు లేని బౌల్ కాలవలో పడితే మాత్రం చచ్చినట్టే. అందుకని కాలవ అడుగున పడిన చోటే ఆగేటట్టు, గీతలు పడకుండా, కొబ్బరిపీచు పట్టా పరిచాం.

వేగం పరీక్ష కూడా పెట్టాం. గ్రీన్ వేగాన్ని సెకన్లలో చెబుతారు. మ్యాట్ నుంచి 27 మీటర్ల దగ్గర ఆగేటట్టు బౌల్ వదిలి, ఎన్ని సెకన్లకు ఆగిందో చూస్తారు. సెకన్లు ఎక్కువైతే గ్రీన్ వేగమైనదని అర్థం. విన్నప్పుడు తలకిందులుగా ఉంటుంది. గడ్డి అడ్డు తక్కువైతే మెల్లగా వదిలినా చాలు, మెల్లగా వదిలింది ఎక్కువ సేపు దొర్లుతుంది. పది సెకన్ల గ్రీన్ మీద చేతి నుంచి సెకనుకు 5.4 మీటర్ల వేగంతో వదలాలి. పద్నాలుగు సెకన్ల గ్రీన్ మీద నాలుగు కూడా అక్కర్లేదు. ఇంగ్లండులో మెత్తని, తేమ గ్రీన్లు పది పన్నెండు సెకన్ల దగ్గర ఉంటాయి, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ గ్రీన్లు పద్నాలుగు దాటిపోతాయి. మాది ఇప్పుడు తొమ్మిది. కొత్త గ్రీన్‌కు నేను అనుకున్నదే. ఇసుక పొర, రోలరు, ఇంకొంచెం కింది కోత, ఈ మూడింటితో పెరుగుతుంది.

దసరా

మొదటి ఫోర్స్ ఆట. రింకు ఒకటి మీద అక్క జట్టు, పీఈటీ సారు జట్టు. ఫోర్స్‌లో ఒక్కొక్కరికి రెండు బౌల్స్. లీడ్, అంటే జట్టులో ముందు ఆడేవాళ్ళు, మ్యాట్ వేసి జాక్ దొర్లించాలి, దూరం నిర్ణయించేది ఆ చేయే. అక్క లీడ్. ఆమె అలవాటుగా ప్రతిసారీ జాక్‌ను 25 మీటర్ల దగ్గరికి పంపుతోంది. సారు జట్టు పొడుగు ఆటకు అలవాటు పడినవాళ్ళు, తంటాలు పడ్డారు. సారు జట్టులో లీడ్‌గా ఉన్న యూనివర్సిటీ పిల్ల ఒక ఎండ్ (ఒక వైపు నుంచి అందరి బౌల్స్ అయ్యే విడత) గెలిచి జాక్ చేతికి రాగానే 29 మీటర్ల దాకా తోసింది. ఇక అక్కడి నుంచి దూరం మీదే పోరాటం.

చివర్లో ఒక ఎండ్ చూడాల్సిందే. సారు జట్టు బౌల్ ఒకటి జాక్‌కు జానెడు దూరంలో, సరిగ్గా ఎదురుగా ఉంది. నేరుగా పోయే దారి మూసుకుపోయింది. అక్క జట్టు స్కిప్, అంటే చివర్లో ఆడే నాయకుడు, మన జీపు తమ్ముడు. అప్పటిదాకా జాక్ దగ్గర నిలబడి చెబుతున్నవాడు, తన వంతుకు మ్యాట్ దగ్గరికి పోయి, ముందు కొండ వైపు ఒకసారి చూశాడు. అక్క జాక్ పక్కన చేరి, కుడి చేత్తో దూరంగా గట్టు వైపు ఒక చోటు చూపించింది: “ఆడ ఎండుటాకు ఉండాది సూడు తమ్ముడా, దాని మీంచి రానీ. తొందరొద్దు.” బౌల్ రింకు అంచు దాకా బయటికి పోయింది, ఎండుటాకు మీంచే పోయింది, ఆగుతున్నట్టుగా ఉండి లోపలికి ఒరగడం మొదలుపెట్టింది. ఎదుటి బౌల్ వెనకనుంచి తిరిగి జాక్‌కు ఆనుకుంది. కొలత టేపు అవసరం లేకుండా సారే చప్పట్లు కొట్టి ఒప్పుకున్నారు. మేస్త్రి అన్న గట్టు మీద నిలబడి, బౌల్ తిరిగిన చోట నేలకేసి చూస్తున్నాడు. అక్కడ ఎత్తుపల్లం లేదు, తిరిగింది గుండు వంపే అని తేలాక కూర్చున్నాడు.

కార్తీకం

ఈశాన్య రుతుపవనాలు. మనకు ఏడాది వానలో ఎక్కువ భాగం ఇప్పుడే. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు, గ్రీన్ అడుగున పైపులు అంత పెద్దవి వేయడానికి కారణం అదే. మొన్న రాత్రి కుండపోత. పొద్దున గొడుగులేసుకుని పోయేసరికి పైపు చివర నీళ్ళు గలగలమని పోతున్నాయి, గ్రీన్ మీద నీళ్ళు నిలవలేదు. రెండో రింకు ఉత్తరపు చివర మాత్రం తట్టంత మడుగు మెరుస్తోంది. ఇసుక అక్కడ కుంగింది. దారం, రసమట్టం పట్టుకున్నా కళ్ళకు దొరకని పల్లాన్ని వాన చూపించింది. నీళ్ళు ఇంకకముందే చుట్టూ సున్నంతో గీత గీశాం.

మేస్త్రి అన్న వచ్చి కొలిచి పదకొండు మిల్లీమీటర్లు అన్నాడు. ఒకేసారి నింపితే కింద గడ్డి ఊపిరాడక చస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున పొడి ఇసుక చల్లి, చీపురుతో ఆకుల మధ్యకు తోసి, గడ్డి దాని మీంచి పైకి వచ్చాక మళ్ళీ చల్లడం. చలికాలంలో గరిక ఎదుగుదల మందగిస్తుంది కాబట్టి మాఘం దాకా ఇది సాగేట్టుంది. అంతవరకూ రెండో రింకు మీద మ్యాట్ దక్షిణం వైపే వేసి, జాక్‌ను 24 మీటర్లకు మించి పంపకుండా ఆడుతున్నాం. సీసాల్లో దాచిన ఇసుకలో, ఆ మూలకు దించిన లోడు ఏదో తమ్ముడు వెతికి పట్టుకున్నాడు. అదే రకం ఇసుక తెప్పిస్తున్నాం, పొరలు కలవకపోతే నీళ్ళు మధ్యలో ఆగుతాయి.

వచ్చే వారం వంతులు తలుపు మీద రాసి ఉన్నాయి: సోమవారం బ్యాంకు సారు తుంగ, బుధవారం అక్క కోత, శుక్రవారం నేనూ తమ్ముడూ ఇసుక. శనివారం కొత్తవాళ్ళు రావచ్చు. చెప్పులు చదును అడుగువి అయ్యుండాలి, మడమ ఉన్నవి గ్రీన్ మీదికి రానివ్వం.